పచ్చి మంత్రం

సరోజినీ నగర్ గవర్నమెంటు క్వార్టర్లలో తొమ్మిదేళ్ళు కాపురం చేసినా, ఉమారాణి పేరు ఉమారాణి అని తెలిసినవాళ్ళు ఆ కాలనీలో ఇద్దరే. ఒకరు కట్టుకున్న మొగుడు నాగభూషణం, రెండోవాడు రేషన్ కార్డు రాసిన గుమాస్తా. ఎనిమిదేళ్ళ కూతురు దీపుకి ఆవిడ మమ్మీ, మిగతా అందరికీ భూషణ్‌జీ మిసెస్. సొంత పేరు అక్కర్లేకుండా బతికెయ్యవచ్చు, చాలామంది బతికేస్తున్నారు కూడా. ఉమారాణికి మాత్రం అది బాధగా ఉండేది.

తునిలో ఉన్నప్పుడు నాలుగిళ్ళ అవతలికి వినపడేలా మాట్లాడేదని ఆవిడ తల్లి ఇప్పటికీ చెబుతుంది. ఢిల్లీకి వచ్చాక నోట్లో నాలుక లేని మనిషైపోయింది. హిందీ వింటే అర్థమవుతుంది, మాట్లాడబోతే నవ్వుతారేమోనని భయం. కూరగాయల బండి దగ్గర వంకాయల వైపు వేలు చూపించి, వాడు ఎంతంటే అంతా ఇచ్చి వచ్చేసేది. ఇంట్లోనైనా ఊరట ఉందా అంటే, తను తెలుగులో అడిగినదానికి కూతురు హిందీలో జవాబు చెబుతుంది. మొగుడు మంచివాడే గాని మినిస్ట్రీలో అప్పర్ డివిజన్ క్లర్కు. రోజంతా ఫైళ్ళతో మాట్లాడి వచ్చినవాడికి ఇంట్లో మాట్లాడే ఓపిక ఉండదు. ఎవరైనా ఒక్కరు తన గడప తొక్కి, నువ్వే కావాలి అని అడిగితే బాగుండునని ఆవిడకి పిచ్చి కోరిక.

అలా గడప అరిగిపోయేలా జనం వచ్చే ఇల్లు వెనక వరసలో ఒకటుంది. అది సెక్షన్ ఆఫీసర్ శేషగిరిగారి క్వార్టరు. జనం ఆయన కోసం రారు, ఆయన తల్లి హనుమాయమ్మగారి కోసం వస్తారు. డెబ్భై నాలుగేళ్ళ ఆ ముసలావిడకి జడుపు మంత్రం వచ్చు. జడుసుకున్న పిల్లల్ని తూర్పుముఖంగా కూర్చోబెట్టి, వేపమండతో తల నుంచి కాళ్ళ దాకా మెల్లగా దిగదీస్తూ, పెదవులు కదిపీ కదపకుండా ఏదో అనుకుని, నుదుట విభూతి పెట్టి పంపేస్తుంది. పంజాబీలూ బెంగాలీలూ హర్యానావాళ్ళూ అందరూ ఆవిణ్ణి మద్రాసీ అమ్మాజీ అనేవారు. "మద్రాసు నేనెప్పుడు చూశానర్రా, నాది ముమ్మిడివరం!" అని ఆవిడ కసురుకుంటే, అది కూడా మంత్రంలో ముక్కే అనుకుని దణ్ణం పెట్టేవారు.

తొంభై అయిదు ఎండాకాలంలో దీపు చేతిలో టిఫిన్ డబ్బాని కోతి లాక్కుపోయింది. ఆ రోజు నుంచి పిల్ల నిద్రలో ఉలిక్కిపడటం, అన్నం ముట్టకపోవడం. డిస్పెన్సరీలో డాక్టరు చూసి ఒంట్లో ఏమీ లేదు పొమ్మన్నాడు. హనుమాయమ్మగారు మూడు సాయంత్రాలు మంత్రం వేసింది, నాలుగోనాటికి పిల్ల కోతిని వెక్కిరిస్తూ బొమ్మ గీసింది. కూతురు బాగుపడినందుకు ఏ తల్లికైనా సంతోషమే. కాని ఆ మూడు సాయంత్రాలూ ఉమారాణి చూసింది కూతుర్నొక్కదాన్నే కాదు, గుమ్మంలో తమ వంతు కోసం కూర్చున్న ఆడవాళ్ళనీ, వాళ్ళు ఆ ముసలావిడ వైపు చూసే చూపునీ.

"మామ్మగారూ, నాకు నేర్పుతారా?" అని అడిగేసింది. అడిగాక తన గొంతు విని తానే ఉలిక్కిపడింది.

హనుమాయమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని ఎగాదిగా చూసింది. "మంత్రం ఎంతే, నాలుగు ముక్కలు. చిలక్కైనా వస్తుంది. నీకు చూడ్డం వచ్చా?"

"చూడ్డం అంటేనండీ?"

"రేపట్నుంచి వచ్చి నా పక్కన కూచో. నోరెత్తకు. నోరెత్తకపోవడం నీకు కష్టం కాదులే."

అలా మొదలైంది ఉమారాణి చదువు. వంటయ్యాక నాలుగు గంటలకి వెళ్ళి ఆ గుమ్మం పక్కన చాప మీద కూర్చునేది. రెండు నెలల పాటు మంత్రం ఊసే లేదు. వచ్చిన పిల్ల గోళ్ళు చూడు, కంటి కింద రెప్ప తిప్పి చూడు, పడుకోబెట్టి ఊపిరి లెక్కపెట్టు. తల్లిని అడుగు, ఆ తల్లి చెప్పనిది పిల్లనడుగు. అడగాలంటే హిందీలో అడగాలి కదా! మొదటి వారం ఉమారాణి చెమటలు కక్కింది. పిల్లలు నవ్వారు. నవ్విన పిల్లలు భయం మర్చిపోయి చక్కగా జవాబు చెప్పారు. అది ఆవిడకి మొదటి పాఠం, ఏ గురువూ చెప్పకుండా వచ్చినది.

"జొరం ఉంటే డాక్టరు. వాంతులుంటే డాక్టరు. కళ్ళు పచ్చగా ఉన్నా, ఎక్కడైనా రక్తం కనపడినా డాక్టరు. అవేవీ లేకుండా బిడ్డ బెదురుతుంటే, అప్పుడు మనం," అనేది హనుమాయమ్మ. "మా గురువు తెలిసిన ముండ గనక నన్ను ముందు ఇది నేర్చుకోమంది. ఇది రానివాడికి మంత్రం ఇస్తే పిచ్చోడి చేతిలో రాయి."

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఉమారాణికి కొన్నాళ్ళు ఎవర్ని చూసినా జడుపే కనిపించింది. ఒక ఆదివారం మధ్యాహ్నం పడుకున్న నాగభూషణం మూడుసార్లు ఉలిక్కిపడ్డాడని పరుగున వచ్చి చెప్పింది. హనుమాయమ్మ తాపీగా, "పొద్దున్న ఏం తిన్నాడు?" అంది. మార్కెట్లో రెండు ప్లేట్లు ఛోలే భటూరే. "వాడికి మంత్రం అక్కర్లేదు, వాము చాలు," అని పంపేసింది.

నాగభూషణం ఈ చదువుని అడ్డగించలేదు గాని ఆటపట్టించకుండా వదల్లేదు. వీధిలో వేపమండ విరుచుకొస్తుంటే, "మంత్రాలకి చింతకాయలు రాలవని మా నాన్న చెప్పాడు. వేపకాయలేమైనా రాలాయా?" అనేవాడు. "రాలినప్పుడు చెప్తాలెండి," అనేది ఉమారాణి. ఆవిడ అలా ఎదురు జవాబు చెప్పి ఎన్నేళ్ళయిందో! నాగభూషణానికి లోపల ముచ్చటేసింది, బయటికి చెప్పలేదు. అదొక జాతి మగవాళ్ళు.

సెప్టెంబరులో శేషగిరిగారికి విశాఖపట్నం బదిలీ ఆర్డరు వచ్చింది. నవంబరు రెండోవారంలో సామాను కదలాలి. ఇక వ్యవధి లేదు. విజయదశమి నాడు తలంటుకుని వచ్చిన ఉమారాణి చెవిలో హనుమాయమ్మ ఆ నాలుగు ముక్కలూ ఊదింది. ఊది, నియమాలు చెప్పింది. పుచ్చుకునేది ఏమీ ఉండదు, అరటిపండైనా సరే. ఎవరికీ కీడు తలపెట్టకూడదు. మూడోది అన్నిటికన్నా గట్టిది.

"ఇది ఇప్పుడు పచ్చిది. గ్రహణం పట్టినప్పుడు నీళ్ళలో పాదాలు పెట్టి, పట్టు నుంచి విడుపు దాకా ఆపకుండా జపించాలి. మధ్యలో వేరే మాట నోట్లోంచి రాకూడదు. అప్పుడది పండుతుంది. పండకముందు ఎవరి మీదైనా వేశావో, చచ్చిందే. ఇక నీకు పలకదు."

"మీరు మళ్ళీ చెబుతారు కదండీ?"

"ఎక్కడ చెప్పను? ఇచ్చేశాక ఇచ్చినవాళ్ళ దగ్గర ఉండదు. ఇవాళ్టితో నా దగ్గర అయిపోయింది," అని ముసలావిడ రెండు అరచేతులూ విప్పి చూపించింది.

ఖాళీగా ఉన్న ఆ అరచేతుల వైపు చూసింది ఉమారాణి. ముమ్మిడివరంలో ఏ ముత్తవ్వ దగ్గర మొదలైందో, చేతులు మారి మారి ఇక్కడిదాకా వచ్చింది. ఇప్పుడది లోకం మొత్తమ్మీద తన నోట్లో తప్ప ఎక్కడా లేదు. తను పారేస్తే పోయినట్టే.

అదృష్టమో ఏమో, దీపావళి మర్నాడు పొద్దున్నే సూర్యగ్రహణం. ఢిల్లీలో సూర్యుడు సన్నటి గోరంత మిగులుతాడని పేపర్లన్నీ రాశాయి. గోదావరి లేదు కదా నీళ్ళెలాగని ఉమారాణి అడిగితే, "గోదారి లేకపోతే టబ్బు," అంది హనుమాయమ్మ. అందుకని ఆ మంగళవారం మునిసిపల్ నీళ్ళు వచ్చీ రాగానే బట్టలు నానబెట్టే నీలం ప్లాస్టిక్ టబ్బు నింపుకుని, వెనక వరండాలో పెట్టుకుని, ఏడుంపావుకల్లా అందులో నిలబడింది. నాగభూషణం ముందుగదిలో టీవీలో గ్రహణం చూస్తున్నాడు. కాలనీ అంతా తలుపులు బిడాయించుకుని ఉంది. రోడ్డు మీద కాలిన టపాకాయల కాగితాలు తప్ప పురుగు లేదు.

గంట గడిచింది. వెలుతురు పల్చబడి ఒక వింత రంగులోకి తిరిగింది. కాకులు గూళ్ళకి మళ్ళాయి. ఉమారాణి పాదాలు చల్లటి నీళ్ళలో మొద్దుబారాయి గాని నోరు ఆగలేదు. ఆవిడకి తన మీద తనకి గౌరవం కలుగుతోంది. ఇంకో గంట నిలబడితే చాలు.

అప్పుడు వినపడింది ఎదురు క్వార్టర్లోంచి ఏడుపు. దీపు కిటికీ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చింది. "మమ్మీ, వైశాలి ఆంటీ రో రహీ హై! బహుత్ ఖూన్ హై, దాదీ దర్వాజా నహీ ఖోల్ రహీ!"

వైశాలి ఇరవై రెండేళ్ళ పిల్ల, రోహ్‌తక్ నుంచి వచ్చిన కోడలు, నిండు చూలాలు. మొగుడు డ్యూటీ మీద అంబాలా వెళ్ళాడు. ఇంట్లో అత్తగారొక్కతే. తెల్లవారుజామున నొప్పులు మొదలైతే, గ్రహణం విడిచేదాకా గడప దాటకూడదని ఆవిడ తలుపులు వేసేసింది. ఇప్పుడు రక్తం కనపడుతోందట.

రక్తం కనపడితే డాక్టరు. ఉమారాణి నోరు మంత్రం మీదే ఉంది, బుర్రలో మాత్రం ఈ మాట గంటలా మోగుతోంది. కూతురి వెనకే వచ్చిన మొగుడి వైపు చూసింది. ఆయనా విన్నాడు. "వాళ్ళ మాతాజీ ఉందిగా," అన్నాడు నీళ్ళు నములుతూ. మళ్ళీ ఏడుపు. విడుపు ఇంకా గంట పైనే ఉంది. తను టబ్బులోంచి దిగితే ముమ్మిడివరం ముత్తవ్వలందరి సొమ్మూ నీళ్ళపాలు. దిగకపోతే?

ఇలాంటి చోట కథలు చెప్పేవాళ్ళు పెద్ద మథనం రాస్తారు. నిజానికి ఆవిడ అంతసేపు ఆలోచించలేదు. తడికాళ్ళతో దిగి, "ఏమండీ, టాక్సీ!" అని అరిచింది. తునిలో నాలుగిళ్ళకి వినపడిన గొంతు అది. గ్రహణం వేళ గుమ్మం దాటడమా అని నాగభూషణం ఒక్క క్షణం గడప మీద తటపటాయించాడు. చింతకాయల మాట చెప్పిన పెద్దమనిషి! భార్య ముఖం చూసి, నెత్తిన తువ్వాలు కప్పుకుని మార్కెట్ దగ్గరి టాక్సీ స్టాండుకి పరుగు తీశాడు.

ఎదురింట్లో పరిస్థితి ముందు నుయ్యి వెనక గొయ్యిగా ఉంది. తలుపు బాదగా బాదగా మాతాజీ తీసింది. వైశాలి మంచం కోడు పట్టుకుని వణికిపోతోంది. అత్తగారి కన్నా కోడలికే భయం ఎక్కువ. బయటికి వెళితే బిడ్డకి పెదవి చీలుతుందని, గ్రహణం మొర్రి వస్తుందని, ఛస్తే కదలనంటోంది. ఉమారాణి ఆ పిల్ల చేతులు పట్టుకుని చూసింది. గోళ్ళు తెల్లబడ్డాయి. ఊపిరి ఎగతన్నుతోంది. ఒంట్లో జరుగుతున్నది డాక్టరు పని, అందులో అనుమానం లేదు. కాని డాక్టరు దగ్గరికి కదలనివ్వకుండా ఆ పిల్లని మంచానికి కట్టేసింది మాత్రం జడుపు. అది తన పని.

ఉమారాణి గుమ్మం ముందు వేపచెట్టు రెమ్మ విరిచి తెచ్చింది. వైశాలిని తూర్పుకి తిప్పింది. పచ్చిదే, వేస్తే చస్తుంది, అని తెలిసే వేసింది. తల నుంచి పాదాల దాకా మూడుసార్లు. ఒక్కోసారికీ ఆ పిల్ల భుజాలు కొద్దికొద్దిగా దిగడం ఆవిడ చేతికి తెలిసింది.

"మై అమ్మాజీ కీ చేలీ," అంది ఉమారాణి. అమ్మాజీ శిష్యురాల్ని అనడానికి ఆవిడ దగ్గరున్న హిందీ అంతే, అదీ తడబడకుండా వచ్చింది. "మేరా సారా జప్ తుఝే దియా. గ్రహణ్ తుఝే నహీ ఛుయేగా. చల్."

నా జపమంతా నీకిచ్చేశాను, గ్రహణం నిన్ను ముట్టదు, పద. ఇందులో మొదటిది నిజం. రెండోది అబద్ధమో నిజమో ఉమారాణికీ తెలియదు. వైశాలి మాత్రం మంచం కోడు వదిలేసింది. మాతాజీ అడ్డం రాబోతే ఉమారాణి ఒక చూపు చూసింది. ఆ ముసలావిడ పక్కకి తప్పుకుని, దుప్పటి తెచ్చి కోడలి నెత్తిన కప్పింది.

టాక్సీ స్టాండులో ఉన్నది ఒక్క సర్దార్జీ. గ్రహణం సంగతి తనకి పట్టదని, నెలలు నిండిన మనిషన్నాక ఆగేదేమిటని అంటూ, బయట ఆ సంధ్యలాంటి వెలుతుర్లో లైట్లు వేసుకుని బండి తోలాడు. ఆసుపత్రి దగ్గర్లోనే. ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరమ్మ మాతాజీని చీవాట్లు పెట్టింది. తొమ్మిదిన్నరకి ఆడపిల్ల పుట్టింది. నర్సు తేగానే మాతాజీ గుడ్డ తప్పించి మొట్టమొదట చూసింది పెదవులు. చక్కగా, నిండుగా, పాలకోసం చప్పరిస్తున్న పెదవులు. ఆవిడ ఆసుపత్రి అని కూడా చూడకుండా ఉమారాణి కాళ్ళ మీద పడబోయింది, పేరేమిటని మొదటిసారి అడిగింది.

ఉమారాణి నవ్వింది, వసారాలోకి వచ్చి బెంచీ మీద కూర్చుని భోరున ఏడ్చింది. బిడ్డ దక్కిన ఆనందం ఎంత ఉందో, పోగొట్టుకున్న దిగులూ అంతే ఉంది. నాగభూషణం వచ్చి పక్కన కూర్చున్నాడు. నెత్తిన ఇంకా ఉన్న తువ్వాలు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

సాయంత్రం హనుమాయమ్మ దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. ముసలావిడ అంతా విని, "అయితే పోయిందన్నమాట," అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దేవుడి గూడు వైపు తిరిగి కూర్చుంది.

ఆ తర్వాత రెండు వారాలు ఉమారాణికి నరకమే. మాతాజీ ఊరుకునే మనిషా! మార్కెట్లో బట్టల కొట్ల దాకా చాటింపు వేసింది. గ్రహణాన్ని ఆపిన మనిషట, పేరు ఉమారాణీజీ అట. తొమ్మిదేళ్ళు ఎవరూ తొక్కని గడప ఒక్కసారిగా నిండిపోయింది. పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవారు, నువ్వే కావాలనేవారు. ఆవిడ ఒక్కొక్క పిల్లనీ కూర్చోబెట్టి గోళ్ళు చూసి, రెప్పలు చూసి, డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినవాళ్ళని వెళ్ళమనేది. మిగతావాళ్ళకి, "నా దగ్గర మంత్రం లేదమ్మా, అయిపోయింది," అని చెప్పి పంపేసేది. లేనిదాన్ని ఉందని చెప్పి వేపమండ ఊపడానికి మనసొప్పలేదు. అంత కోరుకున్న పిలుపు ఇలా చేతికొచ్చి నోటికి రాకుండా పోయిందని తలుచుకున్నప్పుడల్లా కళ్ళనీళ్ళు తిరిగేవి.

శేషగిరిగారి సామాను లారీకి ఎక్కించే రోజు వచ్చింది. ఉమారాణి దణ్ణం పెట్టి వద్దామని వెళ్ళింది. ఇల్లంతా బోసిగా ఉంది. గోడవారన ఇనపపెట్టె మీద హనుమాయమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ఎప్పుడూ నిటారుగా ఉండే మనిషి ముడుచుకుపోయి ఉంది. ఒళ్ళో చేతులు వణుకుతున్నాయి.

"మామ్మగారూ, ఒంట్లో బాగాలేదా?"

"నాల్రోజుల్నుంచి కంటిమీద కునుకు లేదే. గుండె దడదడలాడిపోతోంది. డాక్టరు చూశాడు, బీపీ లేదు, ఏం లేదన్నాడు." ముసలావిడ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "పాతికేళ్ళున్నాను ఈ ఊళ్ళో. ఈ వయసులో మళ్ళీ కొత్త ఊరు, కొత్త గుమ్మం. అక్కడ నన్నెవరెరుగుదురు? భయమేస్తోందే, ఉమా."

హనుమాయమ్మ పెట్టె మీదే కష్టంగా తూర్పుకి తిరిగింది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"వెయ్యి."

"అయ్యో! అది చచ్చిపోయింది కదండీ. మీరే అన్నారు."

"అన్నాను. నాకు మా గురువు చెప్పింది, నీకు నేను చెప్పాను. పచ్చిది వేసి చూసినవాళ్ళెవరూ మాలో లేరు. నువ్వొక్కదానివే వేశావు. చచ్చిందో బతికిందో నాకేం తెలుసు?" ఆవిడ కళ్ళు మూసుకుంది. "నా దగ్గర లేదు. ఇంకెవరి దగ్గరికెళ్ళమంటావే నన్ను?"

ఉమారాణి బయటికి వెళ్ళి వేపమండ విరుచుకొచ్చింది. ముందు గోళ్ళు చూసింది. కంటి కింద రెప్ప తిప్పి చూసింది. ఊపిరి లెక్కపెట్టింది. ఒంట్లో ఏమీ లేదు, ఉత్త జడుపు. నెరిసిన తల నుంచి పగిలిన పాదాల దాకా, మూడుసార్లు, తొందరపడకుండా దిగదీసింది. రెండోసారికి వణుకు తగ్గింది. మూడోసారికి చేతులు ఒళ్ళో నిలిచిపోయాయి. కాసేపటికి హనుమాయమ్మ తల గోడకి ఆనింది, చిన్న గురక మొదలైంది.

లారీవాళ్ళు తొందరపడుతున్నారని శేషగిరిగారు విసవిసా లోపలికొచ్చారు. "అమ్మా, ఆ పెట్టె ఒక్కటే..." అనబోయారు. తొమ్మిదేళ్ళుగా ఆ ఆఫీసరుగారి ఎదుట తలెత్తి ఒక్క మాట మాట్లాడని ఉమారాణి చెయ్యెత్తి ఆపింది.

"ఉండండి. ఆవిడ లేచేదాకా ఎవరూ ఈ గదిలోకి రాకండి. లారీవాళ్ళకి టీలు చెప్పండి."

శేషగిరిగారు తల్లి వైపు చూశారు, ఉమారాణి వైపు చూశారు. బూట్లు విప్పి చేతిలో పట్టుకుని, చప్పుడు కాకుండా వచ్చిన దారినే వెనక్కి నడిచారు.